పాత బోటులో కరెంటు, నీరు: లోపాన్ని వెతికే పద్ధతి



నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజనీరును కాను, వేటకు వెళ్ళినవాణ్ణీ కాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం బోట్లను కాగితాల మీదే చూశాను. పొడవు ఎంత, ఇంజను ఎన్ని గుర్రాల శక్తి, బీమా కట్టారా లేదా, అంతవరకే. అలాంటి నేను బోటు వైరింగు గురించి మీకు పాఠం చెప్పబోవడం విడ్డూరంగా ఉండవచ్చు. కారణం చివర్లో చెబుతాను.

మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న వారిలో ఐ.టి.ఐ., డిప్లొమా చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. యానాంలోనే కాదు, పూరీ పెంటకోటలో, గోపాలపురంలో, చెన్నై కాశిమేడులో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో వేట మీద బతికేవి ఎన్నో ఉన్నాయి. తరగతిలో నేర్చిన ఓమ్ సూత్రం ఇంటి బోటు మీద ఎలా ఉపయోగపడుతుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

జరిగిన సంగతి

మా బావమరిదికి 40 అడుగుల చెక్క బోటు ఒకటి ఉంది. 1999లో కట్టినది. 2011లో పాతదే కొన్నాడు. 2023 ఆగస్టులో ఒక రాత్రి వేట ముగించుకుని తిరిగి వస్తుండగా, ఒడ్డు ఇంకా పద్నాలుగు కిలోమీటర్లు ఉందనగా దీపాలు మసకబారాయి. సరంగు వెనక్కి తిరిగి చూస్తే అమరం వైపు బోటు కిందికి దిగి ఉంది. ఇంజను గదిలో నీరు ఫ్లైవీలు దాకా వచ్చింది. పంపు చప్పుడు చేస్తోంది గాని బయట గొట్టంలోంచి నీరు సన్నటి ధారగా పడుతోంది. పది నిమిషాల్లో ఇంజను ఆగింది. మళ్ళీ స్టార్టు చేద్దామంటే బ్యాటరీలో సత్తువ లేదు. వైర్‌లెస్ సెట్టు కూడా పలకలేదు.

బోటులో ఆరుగురు ఉన్నారు. తెల్లవారేదాకా వంతులవారీగా బకెట్లతో తోడుకుంటూ కూర్చున్నారు. తెల్లవారాక తోటి బోటువాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. దేవుడి దయవల్ల సముద్రం నిమ్మళంగా ఉంది. 1996 నవంబరు 6 తుపానులో పోయినవారిని మా ప్రాంతం ఇంకా మరచిపోలేదు. గాలి లేచి ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కరలేదు.

ఒడ్డుకు వచ్చాక అందరూ ఒకే మాట అన్నారు: "పంపు పోయింది, కొత్తది వేయండి." అదివరకు రెండేళ్ళలో రెండు పంపులు మార్చారు. మూడోది కొనడానికి మా బావమరిది సిద్ధపడ్డాడు. అప్పుడు వాడి కొడుకు, నాకు మేనల్లుడి వరస, ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నవాడు, "నాన్నా, పాత పంపు చెడిపోయిందని ఎవరు చూశారు?" అని అడిగాడు. ఎవరూ చూడలేదు. పాఠం అక్కడ మొదలైంది.

మొదటి సూత్రం: తేడా వెతకడం

బ్యాంకులో సాయంత్రం లెక్క సరిపోకపోతే పుస్తకాలన్నీ మార్చెయ్యం. తేడా ఎంత అని ముందు రాసుకుంటాం. తరవాత ఒక్కొక్క పుస్తకం విడిగా కూడి, ఏ పుస్తకందాకా సరిపోయింది, ఎక్కడినుంచి తప్పింది అని చూస్తాం. బోటుకూ అదే పద్ధతి. మూడు నియమాలు పెట్టుకున్నాం.

ఒకటి, కొలవకుండా దేన్నీ మార్చకూడదు. రెండు, ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మూడు, చూసిన ప్రతిదీ తేదీ వేసి నోటు పుస్తకంలో రాయాలి. మా మేనల్లుడు కొలిచేవాడు, నేను రాసేవాణ్ణి.

నీరు ఎక్కడినుంచి వస్తోంది?

చెక్క బోటులో కొద్దిగా నీరు ఊరడం సహజం. ఎంత, ఎక్కడినుంచి అన్నదే ప్రశ్న. అడుగు నీరంతా తోడి తుడిచి, గోడకు సుద్దతో గీత గీసి, బోటు కట్టి ఉండగా ఒక గంట, ఇంజను తిరుగుతుండగా ఒక గంట విడివిడిగా చూశాం. కట్టి ఉన్నప్పుడు గంటకు సుమారు 40 లీటర్లు వచ్చింది. ఇంజను తిరుగుతున్నప్పుడు 300 లీటర్లు. ఇంజను తిరిగితేనే పెరుగుతోందంటే పలకల సందులకన్నా ముందు అనుమానించాల్సింది ప్రొపెల్లరు ఇరుసు బయటకు వెళ్ళే గ్లాండును, ఇంజనుకు చల్లనీరు తెచ్చే గొట్టాలను.

గ్లాండులో జిడ్డు పట్టించిన తాడులాంటి ప్యాకింగు ఉంటుంది. నీటితో చల్లబడే గ్లాండు ఇరుసు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కార్చాలి, ఆగితే దాదాపు ఆగిపోవాలి. అసలు కారకుండా బిగిస్తే ఇరుసు వేడెక్కి అరిగిపోతుంది. మా బోటులో చుక్కలు కాదు, ధార పడుతోంది. ప్యాకింగు గట్టిపడి బిరుసెక్కింది.

నీటిని నాలుక మీద వేసి రుచి చూడడం పెద్దలు చెప్పిన పరీక్ష. ఉప్పగా ఉంటే సముద్రం, చప్పగా ఉంటే వాన లేక ఐసు కరిగిన నీరు. ఇంజను గదిలో నూనె కలిసిన నీటిని మాత్రం నోట పెట్టకండి. యానాం వంటి చోట్ల ఇంకో జాగ్రత్త కావాలి. వరదల రోజుల్లో గౌతమి నీరే చప్పగా ఉంటుంది, అప్పుడు ఈ పరీక్ష మోసం చేస్తుంది. చప్పనీటిని చిన్నచూపు చూడవద్దు. చెక్కను కుళ్ళబెట్టడంలో ఉప్పునీటికంటే నిలవున్న వాననీరే ఎక్కువ హాని చేస్తుంది.

మరో సంగతి. తూర్పు తీరంలో 2015 నుంచి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ ఎండల్లో ఒడ్డున నిలిపిన చెక్క బోటు ఎండి, పలకల సందులు విచ్చుకుంటాయి. నీట దించగానే బాగా ఊరుతుంది. చెక్క ఉబ్బిన కొద్దీ తగ్గుతుంది. కొన్ని రోజులైనా తగ్గకపోతే అది ఎండ వల్ల వచ్చినది కాదు, సందుల్లో దూది పోయినట్టు.

వచ్చిన నీరు ఎందుకు పోవడం లేదు?

బోటు అడుగున అడ్డకర్రల కింద చిన్న కన్నాలు ఉంటాయి. అమరం దగ్గర కారిన నీరైనా, అణియం దగ్గర పడిన వానైనా ఆ కన్నాల గుండా నడిచి పంపు ఉన్న గుంటకు చేరాలి. మా బోటులో ఇంజను గదికీ గ్లాండుకూ మధ్య ఉన్న కన్నాన్ని వల తాళ్ళ ముక్కలు, చేప పొలుసులు, నల్లనూనె బురద కలిసి పూర్తిగా మూసేశాయి. గంటకు 300 లీటర్ల లెక్కన ఐదు గంటల్లో 1,500 లీటర్లు, అంటే ఒకటిన్నర టన్ను, అమరంలోనే నిలిచింది. పంపు గుంట మాత్రం ఎండుగా ఉంది. కనుక నీటితోపాటు తేలి పంపును ఆన్ చేసే ఫ్లోటు స్విచ్చి లేవలేదు. నీరు అడ్డకర్ర దాటి పొర్లిన తరవాతే లేచింది. అప్పటికే ఆలస్యమైంది.

పంపు ఇంకా బతికి ఉండగానే మరో చిక్కు వచ్చింది. బయటకు నీరు వదిలే గొట్టం మూతి మామూలుగా నీటి మట్టానికి ఓ జానెడు పైన ఉంటుంది. అమరం దిగిపోయేసరికి ఆ మూతి సముద్రంలో మునిగింది. పంపు ఆగిన ప్రతిసారీ అదే గొట్టం గుండా సముద్రపు నీరు లోపలికి వచ్చింది. నీళ్ళ డ్రమ్ములోంచి గొట్టం పెట్టి నోటితో లాగి వదిలితే నీరు దానంతటదే వస్తుంది కదా, అదే సూత్రం. దీనికి మందు, గొట్టాన్ని నీటి మట్టం కంటే బాగా పైకి వంపు తిప్పి, ఆ వంపు నెత్తిన గాలి చొరబడే చిన్న ఏర్పాటు చేయడం. ఒకవైపే తెరుచుకునే వాల్వు ఒక్కటే నమ్ముకోకూడదు. అందులో పొలుసు ఇరుక్కుంటే అది మూసుకోదు.

డెక్కు మీద నీరు పోయే తూములు కూడా చూడాలి. బుట్టలు, వలలు అడ్డం పెట్టడం, చేపలు జారిపోతాయని పలక కొట్టడం మన అలవాటు. డెక్కు మీదగాని, అడుగునగాని స్వేచ్ఛగా కదిలే నీరు బోటు ఒరిగిన వైపే పరుగెత్తి మరింత ఒరిగిస్తుంది. నిలకడను తీసే గుణం బరువుకంటే ఆ కదలికలో ఎక్కువ.

ఒక లెక్క చేయండి. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల కన్నం పడితే, సెకనుకు దాదాపు ఒక లీటరు నీరు వస్తుంది. అంటే గంటకు 3,600 లీటర్లు. మా పంపు మీద "1,100 గ్యాలన్లు" అని రాసి ఉంది. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు కనుక గంటకు 4,160 లీటర్లు. కాగితం మీద పంపు గెలుస్తుంది. కాని ఆ అంకె ఎత్తు లేకుండా, పూర్తి వోల్టేజితో కొలిచినది. మేము గొట్టం మూతి దగ్గర 20 లీటర్ల బకెట్టు పట్టి గడియారం చూశాం. నిండడానికి 48 సెకన్లు పట్టింది, అంటే గంటకు 1,500 లీటర్లే. పంపు విప్పి, నేరుగా బ్యాటరీ దగ్గర పొట్టి లావుపాటి తీగలతో కలిపి నీటి తొట్టిలో పెడితే జోరుగా తోడింది. పంపు మంచిదే. పంపును మార్చిన రెండుసార్లూ డబ్బు వృథా అయిందన్నమాట.

బ్యాటరీ నిజం చెబుతుందా?

మల్టీమీటరు ఒకటి చేతిలో ఉంటే చాలు. ఇంజను ఆపి, అన్నీ కట్టేసి, కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 లేక 12.7 చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర సగం. 11.8 అయితే ఖాళీ అయినట్టే. ఇంజను తిరిగేటప్పుడు అదే మీటరు 13.8 నుంచి 14.4 వరకు చూపాలి. అప్పుడూ 12.4 దగ్గరే నిలిస్తే చార్జి ఎక్కడం లేదు. మా బోటులో అదే జరిగింది. ఆల్టర్నేటరు పాడవలేదు, దాని బెల్టు సడలి జారుతోంది. వేలితో నొక్కితే తెలిసిపోయేది.

తరవాత అన్ని స్విచ్చులూ కట్టేసి, మీటరును 10 ఆంపియర్ల గురుతు మీద పెట్టి బ్యాటరీ తీగకు వరసలో కలిపాం. ఈ స్థితిలో ఇంజను స్టార్టు చేయకూడదు, మీటరు కాలిపోతుంది. ఏమీ వాడనప్పుడు దాదాపు సున్నా రావాలి. 0.18 ఆంపియరు వచ్చింది. చిన్నదే అనిపిస్తుంది. రోజుకు 0.18 × 24 = 4.3 ఆంపియర్-గంటలు. పది రోజులు కట్టి ఉంచితే 43. మా బ్యాటరీ నిండుకుండ 100. ఎవరూ వాడకుండానే దాదాపు సగం ఖర్చు! బ్యాంకు భాషలో ఇది గుర్తు తెలియని డెబిట్. ఎక్కడికి పోతోందో అప్పటికి తెలియలేదు. పుస్తకంలో రాసి ఉంచాం.

దారిలో పోయిన వోల్టులు

1845లో జర్మనీ శాస్త్రవేత్త గుస్తావ్ కిర్కాఫ్, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, విద్యుద్వలయాల నియమాలను చెప్పాడు. వాటిలో ఒకటి నాకు చూడగానే అర్థమైంది. వలయం చుట్టూ తిరిగి వస్తే వచ్చిన వోల్టేజి, ఖర్చైన వోల్టేజి సమానం కావాలి. ఇది మా ట్రయల్ బ్యాలెన్సే.

పంపు నడుస్తుండగానే కొలిచాం. నడవనప్పుడు కొలిస్తే లోపం దాక్కుంటుంది. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. పంపు దగ్గర 9.6. తేడా 2.7. మీటరు ఒక సూది బ్యాటరీ ప్లస్ మీద, రెండోది పంపు ప్లస్ మీద పెడితే 1.9. అలాగే మైనస్ వైపు 0.8. కూడితే 2.7. లెక్క సరిపోయింది, అంటే కొలత నమ్మవచ్చు.

ఇప్పుడు తీగ లెక్క. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగ మీటరుకు సుమారు 0.0175 ఓము నిరోధం ఇస్తుంది. మా తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది, ఒక్కో వైపు 10 మీటర్లు. 0.0175 × 10 ÷ 1.5 = 0.117 ఓము. పంపు అప్పుడు తీసుకుంటున్నది 7 ఆంపియర్లు. 7 × 0.117 = 0.82 వోల్టు. మైనస్ వైపు 0.8 రావడం అంటే అక్కడ అతుకులు బాగున్నాయి, తీగే సన్నం. ప్లస్ వైపు 1.9 వచ్చింది. తీగ తినేది 0.8 పోగా మిగిలిన 1.1 వోల్టు ఎక్కడో ఒక అతుకులో పోతోంది. 1.1 × 7 = 7.7 వాట్లు. అంటే ఆ అతుకు కాలుతూ ఉండాలి. చేయి పెట్టి వెతికితే దొరికింది. రెండు తీగలను మెలేసి టేపు చుట్టిన చోటు వెచ్చగా ఉంది. టేపు విప్పితే లోపల రాగి నల్లగా, పచ్చగా పొడి రాలింది.

చూడకముందే చోటు చెప్పగలిగాం. కొలత మహిమ అదే. అందుకే మీ పాఠాలు ఉత్త పరీక్షల కోసం కావని చెబుతున్నాను.

సన్నతీగ బదులు 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే, పూర్తి 8 ఆంపియర్లు పారినా రెండు వైపులా కలిసి 0.47 వోల్టే పోతుంది. దీపాల విషయం కూడా ఇంతే. మామూలు బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. ఎడమ ఎర్రదీపం, కుడి ఆకుపచ్చదీపం, ట్రాలు లాగేటప్పుడు తెల్లదీపం పైన ఆకుపచ్చదీపం 1972 అంతర్జాతీయ నిబంధనలు కోరేవి. అవి మసకగా ఉంటే పెద్ద ఓడవాడికి మన బోటు లేనట్టే.

కరెంటూ నీరూ కలిసిన చోట

ఇక మిగిలింది 0.18 ఆంపియరు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూశాం. ఫ్లోటు స్విచ్చి ఫ్యూజు తీయగానే సున్నా అయింది. ఆ స్విచ్చికి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వస్తూ ఉంటుంది, రాత్రి మనిషి లేకపోయినా పంపు ఆన్ కావాలి కాబట్టి. దాని ప్లస్ తీగ అతుకు అడుగు నీటిలో నానుతూ, ఇంజనుకు సముద్రపు నీరు తెచ్చే ఇత్తడి అమరికకు ఆనుకుని ఉంది. కరెంటు ఆ ఇత్తడి గుండా బయటి నీటిలోకి దిగి, ప్రొపెల్లరు ద్వారా ఇంజనుకు, అక్కడినుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగి వస్తోంది.

ఇలా లోహంలోంచి ఉప్పునీటిలోకి కరెంటు దిగే చోట లోహం కరిగిపోతుంది. జింకు దిమ్మలు తగిలించినా ఈ దెబ్బకు ఆగవు. మా మేనల్లుడు ఆ ఇత్తడిని చాకుమొనతో గీకాడు. పసుపురంగు బదులు గులాబిరంగు కనబడింది, మెత్తగా పొడిలా రాలింది. ఇత్తడిలోని జింకు పోయి ఉత్త రాగి బోలు మిగిలింది. చేత్తో తిప్పితే విరిగేట్టు ఉంది. సరంగు అది చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "గుమాస్తాగారూ, ఇది సముద్రంలో ఊడి ఉంటే బకెట్లు చాలేవి కావు" అన్నాడు. పైన చేసిన 25 మిల్లీమీటర్ల కన్నం లెక్క దీని గురించే.

పంపు మార్చి ఊరుకుని ఉంటే ఇది కనబడేది కాదు. బోటులో వైరింగు వేరు, నీరు వేరు అనుకోవడం పొరపాటు. కరెంటు లోపం కన్నం చేస్తుంది, కన్నంలోంచి వచ్చిన నీరు కరెంటును చెడగొడుతుంది.

బాగు చేసిన వరస

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ తీగ మొదట విప్పాలి, చివర బిగించాలి. బ్యాటరీ దగ్గర బీడీ, దీపం కూడదు, చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది. జెట్టీ మీదినుంచి తెచ్చే 230 వోల్టుల తీగ జోలికి విద్యార్థులు ఒంటరిగా వెళ్ళవద్దు. తడి బోటులో అది ప్రాణం తీస్తుంది.

మేము చేసిన పనులు ఇవి: ఇత్తడి అమరికను మంచి కంచు అమరికతో మార్చాం. గ్లాండు ప్యాకింగు కొత్తది వేశాం. నీటి కన్నాలన్నీ కమ్మీతో పొడిచి, ఒక్కో కన్నం గుండా సన్న గొలుసు దూర్చి ఉంచాం. అప్పుడప్పుడు ముందుకూ వెనక్కూ లాగితే చెత్త వదులుతుంది. గొట్టానికి పైవంపు పెట్టాం. టిన్ను పూత ఉన్న 6 చదరపు మిల్లీమీటర్ల తీగ, అడుగు నీటికి బాగా పైన, గోడకు క్లిప్పులతో వేశాం. అతుకులు క్రింపు చేసి, జిగురు ఉన్న ష్రింకు గొట్టం వేడి చేసి తొడిగాం. బ్యాటరీని ఎత్తైన పెట్టెలోకి మార్చి కదలకుండా కట్టాం.

ఫ్యూజులు బ్యాటరీకి దగ్గరగా పెట్టాం. ఫ్యూజు ముఖ్యంగా తీగను కాపాడడానికి. అది మాటిమాటికీ కాలుతోందని రాగిపోగు చుట్టడం ఎన్నో బోట్లలో చూశాను. గంట మోగుతోందని గంటను పీకేసి దొంగను లోపలికి రానిచ్చినట్టు అది. చివరగా బ్యాటరీ అక్కర్లేని చేతిపంపు ఒకటి, నీరు హద్దు దాటితే మోగే బజరు ఒకటి బిగించాం. మళ్ళీ బకెట్టు పట్టాం. 20 లీటర్లు 20 సెకన్లలో నిండింది, గంటకు 3,600 లీటర్లు. అదే పాత పంపు.

నా తప్పు

మొదట్లో కారణం చివర చెబుతానన్నాను. పనులు అయ్యాక లెక్కలు కట్టడానికి మా బావమరిది పాత ఫైలు ఇచ్చాడు. దానిలో 2021లో వైరింగు మిస్త్రీ రాసిచ్చిన అంచనా కాగితం ఉంది. టిన్ను పూత తీగ, చేతిపంపు అందులో ఉన్నాయి. ఆ రెండు పద్దుల మీదా ఎర్రసిరా గీత, పక్కన "మామూలు ఇంటి వైరు చాలును" అని ఉంది. మా మేనల్లుడు కాగితం నా ముందు పెట్టి, "మావయ్యా, ఇది మీ చేతిరాతే కదా" అన్నాడు. నాదే. బ్యాంకులో పనిచేసినవాడు, డబ్బు విలువ తెలిసినవాడని వాళ్ళ నాన్న అప్పుడు నా దగ్గరకు తెచ్చాడు. తీగలో తేడా ఏమిటని నేను ఎవరినీ అడగలేదు. రూ. 14,000 మిగిల్చానని సంతోషించాను.

2023లో ఇంజను విప్పి బాగుచేయడానికి, మిగతా మరమ్మతులకు రూ. 1,10,000 పైన అయింది. ఇరవై మూడు రోజులు వేట పోయింది. ఆ నెలలోనే పిల్లవాడి కాలేజీ ఫీజు గడువు. వాణ్ణి చదువు మాన్పించి బోటెక్కిద్దామని ఇంట్లో మాట కూడా వచ్చింది. మన ట్రస్టు వాయిదా సమయానికి అందబట్టి ఆ మాట ఆగింది. ఆ రాత్రి బోటులో ఉన్న ఆరుగురిలో ఎవరికైనా ఏమైనా అయి ఉంటే నా ఎర్రసిరాకు ఏ ఖాతాలో జమ రాయాలో నాకు తెలియదు. బావమరిది నన్ను ఒక్క మాట అనలేదు. "బావగారూ, తెలియక చేశారు" అన్నాడు. తెలియనప్పుడు అడగాలి. అడగకుండా కొట్టేయడమే నా తప్పు.

గోరుతో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని పెద్దల మాట. మీలో కొందరు రేపు కొలిచే ఉద్యోగాల్లోకి, కొందరు నాలాగా సంతకాలు పెట్టే ఉద్యోగాల్లోకి వెళతారు. రెండో రకంవారికి నా విన్నపం: ఒక పద్దు కొట్టేసేముందు, అది ఎందుకు రాశారని రాసినవాణ్ణి ఒక్కసారి అడగండి.

అభ్యాసం

1. ఒక దీపం 3 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగ 1 చదరపు మిల్లీమీటరు, ఒక్కో వైపు 12 మీటర్లు. రెండు వైపులా కలిపి ఎన్ని వోల్టులు పోతాయి? 12 వోల్టుల్లో అది ఎంత శాతం? తీగ 4 చదరపు మిల్లీమీటర్లయితే?

2. పంపు మూతి దగ్గర 20 లీటర్ల బకెట్టు 30 సెకన్లలో నిండింది. గంటకు ఎన్ని లీటర్లు? గంటకు 3,600 లీటర్లు వచ్చే కన్నానికి ఆ పంపు ఒక్కటే ఉంటే, అరగంటలో బోటులో ఎంత నీరు నిలుస్తుంది?

3. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉన్నాయి. మొదట ఏం చూస్తారు? దేన్ని కొలవకుండా కొనరు?

జవాబులు: 1. 1.26 వోల్టులు, 10.5 శాతం, మందపు తీగతో 0.315 వోల్టు, 2.6 శాతం. 2. 2,400 లీటర్లు, అరగంటలో 600 లీటర్లు. 3. బెల్టు బిగువు, ఆల్టర్నేటరు తీగల అతుకులు చూడాలి; ఆ తరవాతే బ్యాటరీ సంగతి. బ్యాటరీనిగాని, ఆల్టర్నేటరునుగాని కొలవకుండా కొనకూడదు.

మా మేనల్లుడు డిప్లొమా పూర్తిచేశాడు. నిషేధం రోజుల్లో, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, చుట్టుపక్కల బోట్లకు మీటరు పట్టుకుని వెళుతున్నాడు. నోటు పుస్తకం మాత్రం ఇప్పటికీ నేనే రాస్తున్నాను.